కవరు చించకండి

మన బడిలో స్టాంపులు సేకరించేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరితో నాకొక పేచీ ఉంది. కవరు చేతికి రాగానే మూల చించుతారు, నీళ్లలో నానబెడతారు, బిళ్ల ఊడదీసుకుని మిగతాది చెత్తబుట్టలో వేస్తారు. నేనూ అదే చేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

నాలుగో తరగతి వేసవి సెలవుల్లో నల్లగొండ దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు, తాతయ్య పెట్టెలోంచి ఒక పాత కవరు తీసి ఇచ్చారు. లోపల ఉత్తరం లేదు. పైన గోధుమరంగు బిళ్ల, ఒక అణా, మధ్యలో చార్మినార్. వాళ్ల నాన్నగారు ఉద్యోగం చేసే చోటునుంచి ఇంటికి రాసిన ఉత్తరం తాలూకు కవరట అది. నేను స్టీలు గిన్నెలో నీళ్లు పోసి బిళ్ల ఊడదీశాను. ఆల్బంలో ‘ఇండియా’ పేజీలో గాంధీగారి పక్కన అతికించి, అందరికీ చూపించాను కూడా.

అందులో రెండు తప్పులున్నాయి. మొదటిది, అది ఆ పేజీ బిళ్ల కాదు. 1854లో బ్రిటిష్ ఇండియా అంతటికీ తపాలా బిళ్లలు వచ్చాయి గానీ, దేశమంతా ఆ తపాలా చేతిలో లేదు. సంస్థానాలు చాలావాటికి సొంత తపాలా ఉండేది. పాటియాలా, గ్వాలియర్, జింద్, నాభా, చంబా, ఫరీద్‌కోట్ సంస్థానాలు బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం చేసుకుని, వాళ్ల బిళ్లల మీదే తమ పేరు అచ్చువేయించుకున్నాయి. ఆ బిళ్లతో ఉత్తరం బ్రిటిష్ ఇండియాలో ఎక్కడికైనా వెళ్లేది. మిగతావి సొంతంగా అచ్చువేసుకున్న బిళ్లలు సరిహద్దు దాటితే చెల్లవు. తిరువాంకూరు తపాలాను ‘అంచల్’ అనేవారు. దాని బిళ్లమీద శంఖం, విలువ చక్రాల్లో. కాశ్మీరు నుంచి బయటికి వెళ్లే కవరు మీద ఒకప్పుడు రెండు రకాల బిళ్లలు అంటించేవారు, సంస్థానంలో ప్రయాణానికి ఒకటి, ఆపై ప్రయాణానికి ఇంకొకటి. 1894లో అక్కడి తపాలా బ్రిటిష్ తపాలాలో కలిసిపోయాక ఆ పద్ధతి పోయింది.

నిజాం రాజ్యంలో తొలి బిళ్ల 1869లో వచ్చింది. 1871 నాటి బిళ్లల మీద ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలతో పాటు మన తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. చార్మినార్ బిళ్ల 1931 వరసలోది. అదే వరసలో ఉస్మాన్‌సాగర్ చెరువు, అజంతా గుహలు కూడా కనిపిస్తాయి. ఈ సంస్థానాల తపాలాలన్నీ 1950, 51 నాటికి భారత తపాలాలో కలిసిపోయాయి. అంతమాత్రాన ఇది పాతకాలపు ముచ్చటే అనుకోకండి. బోస్నియాలో ఈనాటికీ మూడు తపాలా సంస్థలు ఎవరి బిళ్లలు వాళ్లు వేస్తున్నాయి.

కాబట్టి ఒకే దేశం అని అన్నిటినీ ఒకే పేజీలో కుక్కడం నాకు నచ్చదు. ఉత్తరాన్ని మోసింది ఎవరో చూసి పేజీ కట్టాలి. కొందరు దీన్ని చాదస్తమంటారు. అననివ్వండి.

పేజీ తప్పయితే సరిచేసుకోవచ్చు, చేసుకున్నాను. రెండో తప్పే సరికాలేదు. తాతయ్య వాళ్ల నాన్నగారు నిజాం రాజ్యంలో తాలూకా కచేరీ గుమాస్తా. మన అమ్మానాన్నల్లాగే బదిలీల మీద బదిలీలు. ఆదిలాబాద్, రాయచూరు, ఔరంగాబాద్ అన్నీ ఆ రాజ్యంలోవే. ఇంట్లోవాళ్లకు ఇప్పుడు ఆ ఊళ్ల వరస ఎవరికీ తెలియదు. నిజాం బిళ్ల కనుక ఉత్తరం ఆ రాజ్యంలోంచే వచ్చిందని చెప్పగలను. ఏ ఊరో చెప్పాల్సింది తపాలా ముద్ర. అది సగం బిళ్లమీద, సగం కవరు మీద పడింది. నా దగ్గర మిగిలింది ఒక నల్లటి వంపుగీత. కవరు మీది సగంలో నాకు చదవరాని అక్షరాలుండేవి. తాతయ్యకు ఉర్దూ వచ్చు. ఒక్క మాట అడిగుంటే చదివి చెప్పేవారు.

కవర్లు దాస్తే సామాను పెరుగుతుందని మీ ఇంట్లో అంటారని తెలుసు. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ మా అమ్మ కూడా మొదట నా అట్టపెట్టె వైపే చూస్తుంది. కానీ వంద కవర్లు పేర్చినా ఒక చెప్పుల పెట్టెకు మించవు. దుకాణంలో వంద బిళ్లల ప్యాకెట్ ఎవరైనా కొనుక్కోవచ్చు. గ్వాలియర్‌లో మూడేళ్లు, తిరువనంతపురంలో రెండేళ్లు ఉండి వచ్చిన పిల్లలు మనలోనే ఉన్నారు. ఒకప్పుడు వేరే తపాలాలు నడిచిన ఆ ఊళ్లనుంచి మీ పేరుమీద వచ్చిన కవరు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు.

పోయిన మార్చిలో నాన్నకు మళ్లీ బదిలీ అయింది. బయలుదేరేముందు తాతయ్యకు ఉత్తరం రాసి పోస్టాఫీసుకు తీసుకెళ్లాను. ఊరిపేరు స్పష్టంగా పడేలా ముద్ర వేయమని కౌంటరులోని ఆయన్ని అడిగాను. ఆయన నవ్వి, సిరా సరిచూసుకుని మరీ వేశారు. వారం తర్వాత తాతయ్య ఫోను చేశారు. కవరు మూల చించలేదనీ, బ్లేడుతో పక్కనుంచి కోసి తెరిచాననీ ముందుగా అదే చెప్పారు.