జీన్స్ ఎవరు తొడిగితే హుందా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండ్లలో ఇవాళ యాభై దాటిన ఉపాధ్యాయుడూ, రైస్‌మిల్లు యజమానీ, ఆటో డ్రైవరూ జీన్స్‌లోనే కనిపిస్తారు. బళ్లారి వంటి చోట్ల కుట్టిన చవక రకాలు వచ్చాయి, ఇస్త్రీ బాధ లేదు, మురికి కనబడదు. నిజమే. కానీ ఈ మార్పును సౌకర్యం ఖాతాలో వేసి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు.

1873లో అమెరికాలో జాకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ రాగి రివెట్ల ప్యాంటుకు పేటెంటు పొందారు. అది కూలీల బట్ట. మన దగ్గర కూలీ కొడుకు తొడిగితేనే అది తప్పయింది. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచిన నేల ఇది. పటేలు కొడుకు జీన్స్ తొడిగితే సోకు, మాదిగవాడ పిల్లవాడు తొడిగితే పొగరు. ఈ రెండు మాటలూ ఒకే అరుగు మీద విన్నాను.

2012లో ధర్మపురి జిల్లాలో దళితవాడలను తగలబెట్టాక, పీఎంకే వ్యవస్థాపకుడు రామదాస్ నింద వేసింది జీన్స్, టీషర్టు, నల్లకళ్లద్దాలు ధరించే దళిత యువకుల మీదే. వాటితో ఇతర కులాల ఆడపిల్లలను ఆకర్షిస్తున్నారట! తమిళనాడు సంగతి మనకెందుకనలేం. కులాంతర వివాహం చేసుకున్న ప్రణయ్‌ను 2018 సెప్టెంబరు 14న హత్య చేసింది మిర్యాలగూడలోనే.

తిట్లు తిని జీన్స్‌ను ఊళ్లోకి తెచ్చింది వాడల కుర్రాళ్లు. పెద్దకులాల నడివయస్కులు తొడిగాకే దానికి మర్యాద దక్కింది. అదీ మగవారికే. కోదాడలో నలభై ఏళ్ల స్త్రీ జీన్స్‌తో కూరగాయల బజారుకు వెళ్తే ఎన్ని చూపులు? ఆమె దళితురాలైతే ఇంకెన్ని మాటలు?