దోర్నకల్ గుడి, దాని రిజిస్టర్లు

భద్రాచలం యాత్రకు రైల్లో వెళ్ళివచ్చిన మన కుండల్‌వాడి కుటుంబాలకు దోర్నకల్ పేరు కొత్త కాదు. కాజీపేట నుంచి విజయవాడ పోయే లైనులో, భద్రాచలం రోడ్ వైపు బండి మళ్ళే జంక్షన్ అది. ఫ్లాట్‌ఫారం మీద టీ తాగి మళ్ళీ బండెక్కినవాళ్ళమే గాని ఊళ్ళోకి వెళ్ళి చూసినవాళ్ళం తక్కువ. ఆ ఊళ్ళో చూడదగ్గ క్రైస్తవుల గుడి ఒకటుంది. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే దేవాలయం గుర్తొస్తాయి. ఈసారి మన శీర్షికలో ఆ గుడి సంగతులు చెప్పుకుందాం.

దాన్ని కట్టించినవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తెల్లదొర కాదు, తెలుగువారూ కాదు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టిన తమిళుడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా పనిచేశారు. మంచి ఉద్యోగం, పెద్ద ఊరు. అన్నీ వదిలి 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరుకున్నారు. మొదట్లో ఉండటానికి ఇల్లు లేక గుడారంలో కాపురం. భాష రాదు. ముప్ఫై అయిదేళ్ళ వయసులో ఓనమాల దగ్గర్నుంచి తెలుగు నేర్చుకున్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ పదవి ఇచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. కలెక్టరు కుర్చీలో మనవాడు కూర్చుంటేనే వింతగా చూసే రోజులవి. గుడి పని మాత్రం ఆగుతూ సాగుతూ రెండు దశాబ్దాలు దాటింది. చివరికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. పరాయి దేశపు నమూనా తెచ్చి నిలబెట్టకుండా, రాతిలో తామరపూలు చెక్కించి, ఈ నేల మనిషి లోపలికి అడుగుపెడితే తన చోటే అనిపించేలా కట్టించారు.

అజరయ్యగారు సంఘం ఖర్చు సంఘమే భరించాలనేవారు. పల్లెల్లో ఆడవాళ్ళు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. అది గుడికి. బ్యాంకులో ఇన్నేళ్ళు చిన్న పొదుపు ఖాతాలు చూసిన నాకు ఇంతకంటే మంచి రికరింగ్ డిపాజిట్ కనబడలేదు!

ఆ పిడికెడు బియ్యం ఇచ్చినవాళ్ళెవరు? ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. వెట్టిచాకిరి రోజులవి. అలాంటివాళ్ళ పేరు అప్పటిదాకా కాగితం మీద ఉంటే గింటే, ఎక్కడుండేది? దొర గడీలోనో, షావుకారు చిట్టాలోనో, బాకీ పద్దు కింద. ఇక్కడ నాకు గుడికన్నా గుడి రిజిస్టరు గొప్పదనిపిస్తుంది. ఆంగ్లికన్ సంప్రదాయంలో ప్రతి గుడికీ మూడు రిజిస్టర్లుంటాయి: బాప్తిస్మాలకు ఒకటి, పెళ్ళిళ్ళకు ఒకటి, సమాధులకు ఒకటి. పేరు, వయసు, ఊరు, తేదీ రాసి, పాదిరిగారు సంతకం పెడతారు. బతికినన్నాళ్ళూ బాకీదారుగా మాత్రమే రాయబడిన మనిషి, పోయాక తన పేరుతో ఒక వరుసలో నిలుస్తాడు. ఎదురుగా ఒక్క పైసా అప్పు ఉండదు. కామర్సు చదివినవాణ్ణి కనుక నాకది ఖాతా చుక్తా అయిన గుర్తులా తోస్తుంది.

సమాధి మీద రాయి అందరికీ దక్కదు. పేదవాడికి మట్టి దిబ్బే, నాలుగు వానలకు కరిగిపోతుంది. రిజిస్టరులో వరుస మాత్రం మిగులుతుంది. అందుకే శ్మశానం చరిత్ర రాళ్ళలో కన్నా పుస్తకంలో ఎక్కువ దొరుకుతుంది.

అజరయ్యగారు 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. అక్కడే సమాధి చేశారు. ఆయన కోరుకున్న సంఘాల ఐక్యత, అంటే దక్షిణ ఇండియా సంఘం, 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. చూడటానికి ఆయన లేరు. ఆ తర్వాత ఆ సమాధి చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడండి. 1948 దాకా నిజాం రాజ్యం, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రం, 2014 దాకా ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు తెలంగాణ. 2016 నుంచి జిల్లా కూడా కొత్తదే, మహబూబాబాదు.

మన సంగతీ అంతే కదా! మన నాందేడు జిల్లా కూడా నిజాం రాజ్యంలోదే. 1956లో ముధోల్ తాలూకా అటు ఆదిలాబాదుకు పోయింది, మనం ఇటు బొంబాయి రాష్ట్రంలోకి వచ్చాం, 1960లో మహారాష్ట్ర అయ్యాం. ఇల్లు కదల్లేదు, రాష్ట్రం మారింది. మన పిల్లలు బడిలో మరాఠీ చదువుతున్నారు. అందులో తప్పేమీ లేదు. కాని ముత్తాత పేరు అడిగితే ఎంతమంది చెప్పగలరు?

బ్యాంకులో వారసుల క్లెయిములు చూసేటప్పుడు ఇది తరచు ఎదురయ్యేది. “మీ మామగారు ఎప్పుడు పోయారమ్మా?” అంటే “రజాకార్ల గడబిడ అయిన రెండేండ్లకు సారూ” అని జవాబు. మనకు గుడి రిజిస్టరు లేదు. వంశాలు వల్లించే పిచ్చిగుంట్లవారి రాక తగ్గిపోయింది. త్ర్యంబకం పండాల వహీల్లో పేర్లుండేది అక్కడికి వెళ్ళి కర్మలు చేయించినవాళ్ళవే.

అందుకని ఒక చిన్న మనవి. ఇంటికొక గట్టి అట్ట నోటుబుక్కు కొనండి. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి పేరు, పుట్టిన ఊరు, పెళ్ళి, పోయిన తిథి అడిగి రాయండి. ఇంటికి వచ్చిన కోడళ్ళ పేర్లు, వాళ్ళ పుట్టిళ్ళు మరవకండి. ఎడమ పేజీ తెలుగులో, కుడి పేజీ మరాఠీలో రాస్తే మనవలు ఎటు చదువుకున్నా అందుతుంది. ఒక తమిళుడు తెలుగు నేర్చుకుని మనవాళ్ళ కోసం అంత చేశాడు. మన ఇంటి పేర్లు మన భాషలో రాసుకోవడానికి మనకు ఒక ఆదివారం చాలదా?