రాత్రి ఉక్కకు సూర్యుడు బాధ్యుడా?

ఎండాకాలం వస్తే తెనాలి–రేపల్లె రైల్లో ఈ వాదన తప్పదు. "వేడెక్కించేది సూర్యుడే. రోహిణి కార్తెలో రోళ్లు పగలడం తాతల నాటి మాటేగా" అంటారొకరు. బొగ్గు, పెట్రోలు పొగ సంగతి ఎత్తుతారింకొకరు. దిగే స్టేషను వస్తుంది గానీ తగువు తెగదు.

సూర్యుడి మీద అనుమానం అర్థం లేనిదేమీ కాదు. భూమి కక్ష్యలో, అక్షం వాలులో వేల ఏళ్లకు వచ్చే మార్పులే మంచుయుగాలను తెచ్చాయి, తీసుకెళ్లాయి. సూర్యుణ్ని శోధించిన చరిత్రలో మన ప్రాంతానికీ చోటుంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని గుంటూరు నుంచి జాన్సెన్, మచిలీపట్నం నుంచి పాగ్సన్ అనే ఖగోళవేత్తలు పరిశీలించారు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే.

కాబట్టి సూర్యుణ్నే అడుగుదాం. 1978 నుంచి ఉపగ్రహాలు ఆ కాంతిని కొలుస్తున్నాయి. చదరపు మీటరుకు దాదాపు 1,361 వాట్లు. పదకొండేళ్ల చక్రంలో అది పెరిగినా తగ్గినా తేడా వెయ్యింట ఒక వంతే. 2008లో మొదలై 2019లో ముగిసిన చక్రమైతే వందేళ్లలో అతి బలహీనమైన వాటిలో ఒకటి. భూమి మాత్రం ఆ పదకొండేళ్లలోనూ వేడెక్కుతూనే పోయింది.

ఇంకో సాక్ష్యం పైన ఉంది. ఎండే ఎక్కువైతే వాతావరణం కిందా పైనా కూడా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు: కింది గాలి వేడెక్కుతోంది, దానిపైన ఉండే స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇలాగే అవుతుందని మనాబే, వెదరాల్డ్ అనే శాస్త్రవేత్తలు 1967లోనే లెక్కగట్టారు. ఆ కృషికే మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది. 1958లో పది లక్షల పాళ్లకు 315గా ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది.

మూడోది రాత్రి. సూర్యుడు లేని వేళా ఉక్క తగ్గడం లేదు, ఎందుకంటే నేల వదిలిన వేడిని పైకి పోనివ్వకుండా ఆపేది కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులే. ఇది మన గాదెలకు తగిలే విషయం. పగలు కూడబెట్టుకున్న పిండిపదార్థాన్ని వరి వేడి రాత్రుల్లో శ్వాసకే ఖర్చు పెట్టేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో, ఎండాకాలపు పంటలో, రాత్రి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి పదో వంతు పడిపోయినట్టు 2004లో తేలింది. సాంబ మసూరిని దేశానికిచ్చిన బాపట్ల ఈ లెక్కను పట్టించుకోకుండా ఉండలేదు.

వరికి వేడితోనే కాదు, వానతోనూ చిక్కే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు నీళ్లలో నానాయి, వెన్ను మీదే గింజ మొలకెత్తింది. ఒక్క తుపానును చూపి ఇదే రుజువు అనకూడదు. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను మోస్తుందన్నది భౌతికశాస్త్రం. అదే వానగా కురుస్తుంది.

తప్పు సూర్యుడిదైతే ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. ఆ వాదన అంతగా నచ్చడానికి కారణం అదే అనిపిస్తుంది. మనిషిదైతే ఎవరి వంతు ఎంతో తేల్చాలి. పెద్ద వంతు బొగ్గుదీ చమురుదీ. నిలవ నీటి వరి నుంచి మీథేన్ వస్తుంది గనుక చిన్న వంతు మన చేలదీ. ఆరుతడి పెడితే అది తగ్గుతుందని రైతుకు పాఠాలు చెబుతున్నారు, మంచిదే. అయితే కాలవ శివారున ఉన్న రేపల్లె, నిజాంపట్నం రైతు మడిలో నీళ్లు నిలబెట్టుకునేది అజ్ఞానంతో కాదు, మళ్లీ తడి వస్తుందో రాదోనన్న భయంతో. వంతు తప్పకుండా శివారుకు నీళ్లిస్తామని ముందు అధికారులు మాటివ్వాలి. ఆరుతడి పాఠం ఆ తర్వాత.

– కాలవగట్టు