ఒకే సంగీతము, నాలుగు ప్రతులు



ఇంట నొక వస్తువుండగా అట్టిదే మఱియొకటి కొను గృహిణిని దుబారామనిషి యందురు. ఈ నెల నా దుబారానే మీ ముందుంచి, దానికి సమాధానము చెప్పుకొనదలచితిని. నాయొద్ద ఒకే చలనచిత్రపు సంగీతము నాలుగు ప్రతులుగా నున్నది.

ఆ చిత్రము స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకత్వమున 1982లో అమెరికాలో వెలువడిన ‘ఇ.టి.’. లోకాంతరమునుండి వచ్చి, తనవారు విడిచిపోగా ఒంటరియైన యొక వింతప్రాణిని ఎలియట్ అను బాలుడు తన యింట దాచి, ప్రాణమిత్రునిగా చూచుకొని, తుదకు కన్నీటితో సాగనంపును. ఆ చిత్రమునకు జాన్ విలియమ్స్ వాద్యబృందముకొఱకు కూర్చిన సంగీతమునకు మఱుసటి యేట ఆస్కార్ బహుమానము లభించెను. నా చిన్నతనమున మా మేనమామగారు అమెరికానుండి వచ్చుచు దాని కేసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టిరి. సైకిలుపై బాలుడు ఆకాశమున కెగురు ఘట్టపు సంగీతమును ఆయనయు నేనును ఎన్నిమాఱులు త్రిప్పి త్రిప్పి వింటిమో లెక్కలేదు. ఆయన యిప్పుడు లేరు.

ఆ కేసెట్టులోనివి 8 ఖండములు, ఇంచుమించు 40 నిమిషములు. చిత్రమున అంతకంటె చాల ఎక్కువ సంగీతము కలదని పెద్దదాననైన పిదపగాని నే నెఱుగను. ఇట్లు కుదించుటకు కారణము లేకపోలేదు. నాటి ఎల్.పి. రికార్డునకు ఒక్కొక్క ప్రక్కను 20 మొదలు 25 నిమిషములు పట్టుటయే మేలు. అదిగాక, అమెరికాలో చిత్రముకొఱకు వాయించిన సంగీతమును రికార్డుగా అమ్మవలెనన్న, వాద్యకారుల సంఘపు నిబంధనలచొప్పున వారికి మఱల రుసుము చెల్లింపవలెను. నిమిషము లెక్కువైనకొలది వ్యయమును ఎక్కువయగును.

తరువాత సీ.డీ.లు వచ్చెను. 1996లో 70 నిమిషములకు మించిన ప్రతి వెలువడినది. 2002లో చిత్రమునకు 20 ఏండ్లు నిండిన సందర్భమున మఱియొకటి వచ్చినది. 2017లో, 35వ యేట, లా-లా ల్యాండ్ రికార్డ్స్ అను సంస్థ రెండు సీ.డీ.ల ప్రతిని పరిమితసంఖ్యలో ముద్రించినది. మొదటి రెండును పాతవస్తువుల బేరములో చౌకగా దొఱకినవి. మూడవదానికి మాత్రము పోపులడబ్బాలోని సొమ్మంతయు తీయవలసివచ్చినది.

“విన్నదే వినుటకు ఇంత వ్యయమేల?” అని మావారడిగిరి. బడిపంతులుగారి యింట ఆ ప్రశ్న న్యాయమైనదే. నా సమాధాన మిది. కేసెట్టులో ఆ ఎగురుఘట్టపు రాగము పూర్ణరూపమున, కచేరీకి అమర్చినట్లు, సిద్ధముగా వినబడును. విస్తృతప్రతిలో నట్లు కాదు. ఆ రాగము మొదట తునకలు తునకలుగా, ఇచట నాలుగు స్వరములు, అచట మూడు స్వరములుగా పొడచూపుచు, భయము వీడి స్నేహము కుదిరినకొలది పెరిగి పెరిగి, సైకిలు నేలవిడిచినపుడు గాని పూర్తిగా విచ్చుకొనదు. మొగ్గను చూడకయే ఇన్నాళ్లు నేను పూవును చూచుచుంటినని అప్పుడు తెలిసినది.

అంత్యఘట్టపు కథ మఱియు చక్కనిది. బాలురు పాఱిపోవుటయు, మిత్రుని సాగనంపుటయు దాదాపు 15 నిమిషములు. తెఱపై బొమ్మకు తాళము కుదుర్చుటకు విలియమ్స్ ఎంత యత్నించినను సరిపడలేదు. అంతట స్పీల్‌బర్గ్ బొమ్మను ఆపించి, కచేరీలోవలె మీ యిచ్చవచ్చినట్లు వాయింపుడని చెప్పెను. పిదప ఆ సంగీతమున కనుగుణముగా చిత్రమునే సరిదిద్దెను. ఆ వీడ్కోలునందలి ఊపిరి అట్లు వచ్చినదే.

ఇంతవఱకు విని మావారు, “అట్లయిన పూర్ణప్రతి చేతికి వచ్చినదిగదా, తక్కినవి తీసివేయుము. ఆ కేసెట్టు ఎటులను పలుకదు” అనిరి. నిజమే, దాని టేపు సాగిపోయినది. ఆ మాట నన్ను రెండుదినములు కలతపెట్టినది.

మా తండ్రిగారు నాకు భారతము చెప్పుచు, పూనాలోని భండార్కర్ సంస్థవారు 1919 మొదలు 1966 వఱకు శ్రమించి మహాభారతమును పరిష్కరించిన తీరు వివరించెడివారు. వారు మూలపాఠమును నిర్ణయించియు, విడిచిన పాఠాంతరములను పాఱవేయలేదు. పుటల యడుగున భద్రపఱచిరి. ఆ 2017 ప్రతిని కూర్చినవారును ఇట్లే చేసిరి. మొదటి సీ.డీ.లో చిత్రమునందలి సంగీతముంచి, రెండవదానిలో 1982 నాటి రికార్డును యథాతథమైన వరుసలో నుంచిరి. క్రొత్తది పాతదానిని త్రోసివేయలేదు.

ఇందుకు విరుద్ధమైన దృష్టాంతము ఆ చిత్రముననే కలదు. 2002లో దానిని మఱల విడుదలచేయుచు, బాలురను తఱుము అధికారుల చేతులలోని తుపాకులను మాపి వాకీటాకీలు చిత్రించిరి. అట్లు చేసియుండవలసినది కాదని స్పీల్‌బర్గే 2023లో చెప్పెను. ఉన్నదానిని పూర్తిగా వినిపించుట వేఱు. ఉన్నదానిని చెఱిపి దిద్దుట వేఱు.

కావున సోదరీమణులారా, మీలో నెవరికైన నిట్టి సరదా యున్నచో రెండు మాటలు. కొనుటకు ముందు, అది చిత్రములో వాయించిన సంగీతమా, రికార్డుకొఱకు వేఱుగా అమర్చినదా విచారింపుడు. పరిమితప్రతులు చెల్లిపోయిన పిదప అంగడిలో వెల రెండింతలు మూడింతలగును. ఆ తొందరకు లొంగి అప్పుచేయకుడు. ఇకమీదట ఎంత పెద్దప్రతి వచ్చినను నేను కొననని మావారికి మాట యిచ్చితిని. తెలియవలసినది తెలిసినది, పోపులడబ్బాయు నిండవలెను గదా.

కేసెట్టు మాత్రము బీరువాలో నాలుగింటిలో మొదటిదిగా నున్నది. మొన్న రాత్రి మా అమ్మాయికి ఆ వీడ్కోలుఘట్టము క్రొత్తప్రతినుండి వినిపించితిని. ముగిసినపిదప అది, “మరల మొదటినుండి పెట్టు, అమ్మా!” అన్నది. మా మేనమామగారు అచ్చముగా ఆ మాటయే అనెడివారు.