యంత్రమిచ్చిన వెడల్పు – మనిషి చేయవలసిన నిర్ణయం



నేటి సాంఖ్యక శాస్త్ర విద్యార్థికి కంప్యూటర్ కల్పించిన సౌకర్యం సామాన్యమైనది కాదు. ఒక్క ఆదేశమిస్తే చాలు, వందలాది అంకెలు నునుపైన వక్రరేఖగా తెరపై ప్రత్యక్షమవుతాయి. అయితే ఆ రేఖకు ఆ ఆకారాన్ని ఇచ్చినది మన దత్తాంశమా, లేక మనం ఎంచుకోకుండా వదిలివేసిన ఒక సంఖ్యా? ఈ ప్రశ్న అడిగేవారు అరుదు.

ఈ పద్ధతిని కెర్నెల్ సాంద్రతా అంచనా అంటారు. ముర్రే రోజెన్‌బ్లాట్ 1956లోను, ఇమాన్యుయెల్ పార్జెన్ 1962లోను ప్రకటించిన పరిశోధనా వ్యాసాలు దీనికి పునాదులు. ప్రతి పరిశీలన ఉన్న చోట గుప్పెడు ఇసుక పోసినట్లు ఊహించండి. ఆ చిన్న కుప్పలన్నీ కలిసిన రూపమే మన వక్రరేఖ. ఒక్కొక్క కుప్పను ఎంత వెడల్పుగా పరచాలో నిర్ణయించే సంఖ్యయే బ్యాండ్‌విడ్త్. అది మరీ చిన్నదైతే కాకతాళీయమైన ఒడుదుడుకులు కూడా శిఖరాలై మనలను భ్రమింపజేస్తాయి. మరీ పెద్దదైతే నిజమైన శిఖరాలు సైతం చదునైపోతాయి.

అమెరికాలోని ఎల్లోస్టోన్ ఉద్యానవనంలో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ఉన్నది. అది నీటిని ఎగజిమ్మిన 272 పర్యాయాల వివరాలు ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటే లభిస్తాయి. ఆ జల్లు నిలిచే కాలం ఒకప్పుడు రెండు నిమిషాలకు, మరొకప్పుడు నాలుగున్నర నిమిషాలకు దగ్గరగా ఉంటుంది. బ్యాండ్‌విడ్త్ ఒకటిన్నర నిమిషాలుగా తీసుకుంటే ఈ రెండు శిఖరాలూ ఒక్కటైపోతాయి. దానివల్ల నష్టమేమిటి? స్వల్పకాలపు జల్లు తరువాత దాదాపు 55 నిమిషాలు, దీర్ఘకాలపు జల్లు తరువాత దాదాపు 80 నిమిషాలు వేచి ఉండాలి. ఒకే శిఖరాన్ని నమ్మినవాడు అందరికీ సగటున 71 నిమిషాలని చెప్పి, ఇరువురినీ తప్పుదారి పట్టిస్తాడు.

‘ఆర్’ తనంతట తాను వాడేది బెర్నార్డ్ సిల్వర్‌మన్ 1986 నాటి గ్రంథంలోని సూత్రం. ఒకే శిఖరం గల ప్రసామాన్య విభాజనానికి అది చక్కగా ఒదుగుతుంది. పై దత్తాంశానికి అది ఇచ్చే వెడల్పు 0.33, షీథర్, జోన్స్‌లు 1991లో ప్రతిపాదించిన పద్ధతి ఇచ్చేది 0.14. మొదటిది పాత వాడుకను కాపాడడానికే కొనసాగుతున్నదనీ, సాధారణ సిఫారసు కాదనీ ‘ఆర్’ వివరణ పత్రమే ఒప్పుకొంటున్నది.

ఇది మనకు దూరపు విషయం కాదు. రెండు మాధ్యమాల విద్యార్థుల మార్కులను ఒకే వక్రరేఖగా గీస్తున్నామనుకోండి. వెనుకబడిన ఒక సమూహం ఆ నునుపులో కనుమరుగైతే, దానికి అందవలసిన సహాయం కూడా కనుమరుగవుతుంది.

కావున కళాశాల కమిటీ వారికి నా మనవి ఒక్కటే. ప్రాక్టికల్ రికార్డులో ప్రతి సాంద్రతా రేఖ క్రింద బ్యాండ్‌విడ్త్‌ను, దానిని ఎంచుకున్న కారణాన్ని వ్రాయడం తప్పనిసరి చేయాలి. చిన్న, మధ్యమ, పెద్ద వెడల్పులతో మూడు రేఖలు గీయించాలి. మూడింటిలోనూ నిలిచిన శిఖరాన్ని నమ్మవచ్చు. ఒక్కదానిలోనే కనిపించినదానిని మరల పరీక్షించాలి. లెక్క యంత్రానిదే కావచ్చు. బాధ్యత మాత్రం మనది.