కర్ర ఉన్నోడిదే బర్రె అయితే క్యూబా బాటిస్టాదే కావాలి



చే గువేరా ఫొటో పెట్టి, పక్కన తుపాకీ బొమ్మ అతికించి, విప్లవం అంటే ఇదే అని రాసే పోస్టులు ఈమధ్య బాగా తిరుగుతున్నాయి. లైకులూ బాగానే వస్తున్నాయి. ఆ పోస్టులు పెట్టే తమ్ముళ్లను, చెల్లెళ్లను ఒక్క మాట అడగాలి. 1959 జనవరిలో క్యూబా తిరుగుబాటుదారులు హవానాలోకి అడుగుపెట్టిన రోజు వాళ్ల భుజాల మీద ఉన్న తుపాకుల్లో చాలా వాటి మీద ఏ దేశం ముద్ర ఉందో తెలుసా?

అమెరికా ముద్ర. అమెరికా తన మనిషి బాటిస్టా సైన్యానికి ఇచ్చినవే అవి.

మరి తుపాకీయే గెలిపించేదైతే, అది మొదట ఎవరి చేతిలో ఉందో వాడే గెలవాలి గదా? కర్ర ఉన్నోడిదే బర్రె అనే సామెత నిజమైతే క్యూబా బాటిస్టాదే కావాలి. కాలేదు. ఎందుకు కాలేదో చూద్దాం.

1952 మార్చి 10న బాటిస్టా సైన్యాన్ని పెట్టుకుని అధికారం లాక్కున్నాడు. గరాండ్ రైఫిళ్లు, థాంప్సన్ తుపాకులు, బ్రౌనింగ్ మెషిన్‌గన్‌లు, షెర్మన్ ట్యాంకులు, బీ-26 బాంబర్లు, టీ-33 జెట్ విమానాలు, అన్నీ అతని సైన్యానికి అమెరికా నుంచి వచ్చినవే. ఒప్పందం కాగితంలో రాసుకున్నది ఖండం రక్షణ కోసమని. వాడింది సొంత జనం మీద. 1957 సెప్టెంబర్‌లో సియెన్‌ఫ్యూగోస్ పట్టణంలో నావికులు తిరగబడితే ఆ పట్టణం మీదికి వచ్చినవి ఆ బాంబర్లే. రక్షణ అనే మాట పెద్దోళ్ల కాగితాల్లో ఉన్నప్పుడు ఎవరి రక్షణ, ఎవరి నుంచి రక్షణ అని అడగాలి.

ఇటువైపు చూడండి. 1956 డిసెంబర్ 2న గ్రాన్మా అనే పడవలో 82 మంది దిగారు. మూడు రోజులకే సైన్యం వాళ్లను చెల్లాచెదురు చేసింది. పదిహేను రోజుల తర్వాత అన్నదమ్ములు ఫిడెల్, రౌల్ కొండల్లో మళ్లీ కలుసుకున్నప్పుడు ఇద్దరి వైపు కలిపి లెక్కేస్తే మిగిలిన తుపాకులు ఏడు. ఏడంటే ఏడు.

ఆ ఏడు తుపాకులతో కొండ నిలబడలేదు. సియెర్రా మాస్త్రా రైతులు అన్నం పెట్టి, దారి చూపించి, సైన్యం వస్తుందని ముందే కబురు చెప్పి నిలబెట్టారు. ఆ రైతులు భూమి పట్టా లేనోళ్లు. దొర మనుషులూ గ్రామీణ పోలీసులూ కలిసి ఎప్పుడు గుడిసె తగలబెడతారో తెలియనోళ్లు. వాళ్లు ఏ పక్షాన ఉంటారన్నది తుపాకుల లెక్కను బట్టి తేలలేదు. తమ కొంప తగలబెట్టింది ఎవరన్న దాన్ని బట్టి తేలింది.

1958 వేసవిలో బాటిస్టా దాదాపు పదివేల మంది సైనికులను కొండల మీదికి పంపాడు. అవతల మొదట్లో ఉన్నది మూడొందల మంది చిల్లర. దాడి ముగిసేసరికి ఐదొందలకు పైగా ఆయుధాలు తిరుగుబాటుదారుల చేతికి వచ్చాయి. ఎట్లా? కేవలం గురి చూసి కాల్చడం వల్ల కాదు. దొరికిపోయిన సైనికులను చంపకుండా, గాయాలకు కట్టు కట్టి, రెడ్‌క్రాస్‌కు అప్పగించారు. ఆ కబురు సైన్యంలో పాకింది. లొంగిపోతే బతుకుతాం అని తెలిసిన పేదింటి సైనికుడు, దోచుకు తినే ఒక దొర కోసం ఎందుకు చావాలి? తుపాకీ కింద పెట్టేశాడు. డిసెంబర్ 29న శాంటా క్లారాలో ఆయుధాలతో నిండిన రైలు పట్టాలు తప్పినప్పుడు అందులోని మూడొందల యాభై మందికి పైగా సైనికులు లొంగిపోయిందీ అందుకే. రైలుకు ఉక్కు కవచం ఉంది. లోపలి మనిషికి పోరాడే కారణం లేదు.

ఇక్కడ ఇంకో వాదన ఉంది. అప్పట్లో హవానాలో అమెరికా రాయబారిగా ఉన్న ఎర్ల్ స్మిత్ లాంటివాళ్లు దాన్ని మొదలుపెట్టారు. 1958 మార్చిలో అమెరికా ఆయుధాల సరఫరా ఆపేసింది కాబట్టే బాటిస్టా కూలిపోయాడంట. అంటే జనం ఏం చేయలేదు, వాషింగ్టన్ కొళాయి కట్టేసింది, అంతే! ఇది ఒట్టి మాట. కొళాయి కట్టేసిన తర్వాత కూడా బాటిస్టా దగ్గర విమానాలున్నాయి, ట్యాంకులున్నాయి, నౌకలున్నాయి. బ్రిటన్ దగ్గర సీ ఫ్యూరీ విమానాలు కొన్నాడు. పక్క దేశం డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహీయో దగ్గర తుపాకులు కొన్నాడు. పదివేల మంది దాడి జరిగింది కూడా ఆ నిషేధం తర్వాతే. ఆయుధం కొరత వల్ల కాదు, జనం కొరత వల్ల ఓడాడు.

గమనించారా? తుపాకీ పోస్టు పెట్టే మన తమ్ముడూ, ఆ రాయబారీ చేసే తప్పు ఒకటే. ఇద్దరూ ఇనుము వైపు చూస్తున్నారు. దాన్ని పట్టుకున్న మనిషిని చూడట్లేదు.

గెలిచాక ఆ ఆయుధాలు ఏమయ్యాయో కూడా చెప్పుకోవాలి. 1961 ఏప్రిల్‌లో సీఐఏ తయారుచేసిన దాదాపు 1,400 మంది క్యూబా ప్రవాసులు ప్లాయా హిరోన్ తీరంలో దిగారు. వాళ్ల బీ-26 విమానాలు అమెరికావి. వాటిలో కొన్నింటిని కూల్చిన టీ-33 జెట్లూ అమెరికావే, బాటిస్టాకు ఇచ్చినవే. మూడు రోజుల్లో దాడి ముగిసింది. పదకొండొందల మందికి పైగా పట్టుబడ్డారు. వాళ్లను విడిపించుకోవడానికి మరుసటి ఏడాది డిసెంబర్‌లో సుమారు 5.3 కోట్ల డాలర్ల విలువైన మందులు, ఆహారం ఇవ్వాల్సి వచ్చింది. దాడికి తెచ్చిన అమెరికా ట్యాంకులు క్యూబా మ్యూజియంలకు చేరాయి. బడిపిల్లలు వాటిని చూసి వెళ్తారు.

అమెరికా నుంచి విడిభాగాలు రావు కాబట్టి క్యూబా కొత్త ఆయుధాల కోసం యూరప్ వైపు చూసింది. 1960 మార్చి 4న బెల్జియం ఆయుధాలు తెచ్చిన లా కూబ్ర్ అనే ఫ్రెంచి ఓడ హవానా రేవులో పేలిపోయింది. సుమారు వంద మంది చనిపోయారు. మరునాడు వాళ్ల సంతాప సభలో కోర్డా అనే ఫొటోగ్రాఫర్ తీసిందే మన టీషర్టుల మీద ఉన్న చే ఫొటో. బాగా చూడండి. అందులో తుపాకీ లేదు. చనిపోయిన రేవు కూలీల కోసం వచ్చిన మనిషి ముఖం ఉంది. మనం దానికి తుపాకీ అతికిస్తున్నాం!

తుపాకీయే చాలనుకున్న చోట ఏం జరిగిందో కూడా చెప్పాలి. 1959 జూన్‌లో ట్రుహీయోను కూలదోస్తామని క్యూబా నుంచి ఒక దళం డొమినికన్ రిపబ్లిక్ వెళ్లింది. ఆయుధాలున్నాయి, ధైర్యం ఉంది. అక్కడి ఊళ్లతో వేరు లేదు. దాదాపు అందరూ చనిపోయారు. 1967లో బొలీవియాలో చే వెంట ఒక్క రైతు కూడా రాలేదని ఆయన డైరీలోనే తెలుస్తుంది. హవానాలో గెలిచిన మనిషే, అవే చేతులు. కింద నేల మాత్రం వేరు.

ఇంకో చేదు నిజం. 1959 తొలి నెలల్లో లా కబాన్యా కోటలోనూ, ఇతర చోట్లా హడావుడి విచారణలు చేసి వందల మందిని కాల్చి చంపారు. వాళ్లలో చిత్రహింసలు పెట్టిన హంతకులున్నారు, నిజమే. కానీ కొండల్లో లొంగిపోయినోణ్ని బతకనిచ్చిన న్యాయం, కోటలోకి వచ్చేసరికి ఎక్కడికి పోయింది? తుపాకీ చేతులు మారినంత మాత్రాన దాని గుణం మారదు. మనవాళ్ల చేతిలో ఉన్నప్పుడు కూడా దాన్ని ప్రశ్నించాల్సిందే. ఈ మాట చెబితే శత్రువుకు సాయం చేసినట్టు అనేవాళ్లకు నా సమాధానం: ప్రశ్న ఆపినచోటే కొత్త దొర పుడతాడు.

మరి క్యూబాలో నిలిచిందేంటి? 1959 మే 17న వచ్చిన భూసంస్కరణ చట్టం. కౌలు రైతు దున్నుతున్న భూమికి అతన్నే యజమానిని చేసిన కాగితం. 1961లో సుమారు లక్ష మంది పిల్లలూ యువకులూ చేతిలో లాంతరు, సంచిలో పుస్తకం పట్టుకుని కొండలకు వెళ్లి ఏడు లక్షల మందికి పైగా చదవడం, రాయడం నేర్పడం. 1953లో ఫిడెల్ దాడి చేసి ఓడిపోయిన మొంకాడా బ్యారక్స్‌ను 1960 జనవరిలో బడిగా మార్చేశారు. గోడల మీద తూటాల గుర్తులున్నాయి, లోపల పలకలు వచ్చాయి.

బాటిస్టా తుపాకుల్లో కొన్ని తుప్పు పట్టాయి, కొన్ని అద్దాల పెట్టెల్లోకి పోయాయి. లాంతరు వెలుగులో ముసలితనంలో మొదటిసారి సంతకం పెట్టినోళ్ల చదువు ఏ గోదాములోనూ తుప్పు పట్టలేదు. ఈసారి క్యూబా గురించి పోస్టు పెట్టాలనిపిస్తే తుపాకీ బొమ్మ తీసేసి ఆ లాంతరు పెట్టండి. లైకులు తగ్గితే తగ్గనియ్యండి.