తవుడులో ఊక, పాడికి కోత

దాణా బజారులో గిరాకీ అంతా పాలిచ్చే గేదె చుట్టూనే తిరుగుతున్నది. ఈనని పడ్డను వర్తకులు లెక్కలోకి తీసుకోవడం లేదు. ఇది సరిదిద్దుకోవలసిన లెక్క.

బాగా మేపిన ముర్రా పడ్డ 24 నుంచి 30 నెలల మధ్య ఎదకు వస్తుంది. చూడికాలం 10 నెలల పైచిలుకు. సకాలంలో చూడి కడితే మూడున్నరేళ్ళలోపే మొదటి ఈత. ఉత్త వరిగడ్డితో పెరిగిన పడ్డ నాలుగేళ్ళు దాటినా ఈనకపోవచ్చు. ఎదకు వయసు కన్నా తూకం ముఖ్యం. ముర్రా పడ్డ సాధారణంగా 250 కిలోలకు అటూ ఇటూగా తూగాలి. వరిగడ్డిలో మాంసకృత్తులు, భాస్వరం స్వల్పం. ఆ లోటు తీర్చవలసినవి చెక్క, తవుడు, ఖనిజ లవణ మిశ్రమం.

తవుడులో ఊకపొడి కలిపితే బస్తా తూగుతుంది, పడ్డ తూగదు. ఎదకు రాని పడ్డను రైతు సంతకు తోలుతాడు. దానితో ఆ కొట్టం దాణా ఖాతా మూతపడుతుంది.

రైతు చౌక సరుకే అడుగుతాడన్న వర్తకుల మాటలో నిజం లేకపోలేదు. 2023 జూలైలో నూనె తీసిన తవుడు ఎగుమతిని కేంద్రం నిషేధించినది కూడా దాణా ధరల పెరుగుదల వల్లనే. అయితే చౌక వేరు, కల్తీ వేరు. నాసి రకాన్ని నాసి రకమని చెప్పి అమ్మితే తప్పులేదు.

మచ్చును చేత నలిపి ధర కట్టే అలవాటు మాని, మాంసకృత్తులు, పీచు, ఇసుక శాతాలు చూసి బేరం కుదర్చడం బ్రోకర్లకు అసాధ్యమేమీ కాదు. ఆరు నెలలు ముందుగా ఈనిన ప్రతి పడ్డా ఆరు నెలలు ముందుగా తెరిచిన ఖాతాయే.